బావి గట్టున నా పేరు

ఫైర్ సర్వీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, "మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద ఫైరు ఏదండీ?" అని అడుగుతారు. వాళ్ళకి మంటలు కావాలి. గుంటూరు జిల్లాలో ఉద్యోగం చేసినవాడికి మంటలకేం కరువు? పత్తి బేళ్ళు అంటుకుంటే పైన బూడిద, లోపల నిప్పు. ఆరిందనుకుని ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోగానే మళ్ళీ కబురొస్తుంది. మిరపకాయల గోదాము అంటుకుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆర్పేవాడూ ఏడుస్తాడు, సరుకు పోయినవాడూ ఏడుస్తాడు, వేడుక చూడ్డానికి వచ్చినవాడూ ఏడుస్తాడు. ఎవడిది నిజమైన ఏడుపో కనిపెట్టడం మా ఆఫీసరు వల్ల కూడా అయ్యేది కాదు.

కానీ వాళ్ళు అలా అడిగినప్పుడల్లా నాకు మంట గుర్తుకు రాదు. ఒక బావి గుర్తొస్తుంది. ఎనభైలలో, ఒక ఎండాకాలం, ప్రత్తిపాడు దాటాక ఒక ఊరి చేలో కూలిపోయిన బావి. ఆ బావి గట్టున విన్న గొంతులు మళ్ళీ ఒక్కసారి వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ సంగతే రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే మీ ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయిగా.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. మా నాన్న గుళ్ళో అర్చకుడు. శఠగోపం పట్టాల్సిన చేత్తో నేను నీళ్ళ గొట్టం పట్టాను. ఇంట్లో కొన్నాళ్ళు గొడవ జరిగింది, తరవాత జీతం మొదలయ్యాక సద్దుమణిగింది. స్టేషనులో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ నేను 'పంతులు'నే. ఆ పేరు పెట్టింది మా డ్రైవరు. నాకంటే బాగా పెద్దవాడు, ఆరడుగుల మనిషి, గొంతు అంతకంటే పెద్దది. బండి ముందు భాగాన వేలాడే ఇత్తడి గంట అంటే ఆయనకి ప్రాణం. పెళ్ళాం ముక్కుపుడక కంటే అదే ఎక్కువ మెరవాలి ఆయనకి. మా ఆఫీసరు ఈయనకి పూర్తిగా వ్యతిరేకం. మెత్తగా మాట్లాడతాడు, ప్రతిదీ పద్ధతి ప్రకారం జరగాలంటాడు. లీడింగ్ ఫైర్‌మన్‌గా ఈ ఇద్దరి మధ్యా నలిగేది నేను.

దేవుడి విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని గోత్రనామాలు వింటూ పెరిగాను. ఊళ్ళో అందరి పేర్లూ ఆయన దేవుడికి అప్పజెప్పేవాడు. అది ఆయన పని. పనయ్యాక చేతులు కడుక్కుని భోజనానికి వచ్చేవాడు. నాకు దేవుడంటే మా పెద్ద తాతయ్య లాంటివాడు. లోపలి గదిలో ఉన్నాడని తెలుసు, ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు లేదు.

ఆ రోజు టిఫిన్ల వేళకి ఫోను మోగింది. బావిలో పూడిక తీస్తుంటే రాతి కట్టు కూలింది, కింద మనిషి ఉన్నాడు. అంతే చెప్పి అవతలివాడు పెట్టేశాడు. వెనకటి రెండు మూడు రోజులుగా అకాల వర్షం పడింది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బితే ఏ రాతి గోడనైనా లోపలికి నెడుతుంది. ఆ సంగతి ఆ నేల మీద బతికే ప్రతివాడికీ తెలుసు. కానీ ఎండాకాలం దాటితే మళ్ళీ పూడిక తీయడానికి కుదరదు, కూలివాడికి ఆ రోజు కూలి మళ్ళీ రాదు. అందుకని దిగుతారు.

మేము వెళ్ళేసరికి చేను జనంతో నిండిపోయి ఉంది. మిరప తోట పీకేసి మోళ్ళు కుప్పలు వేసిన నేల, మధ్యలో గుండ్రటి బావి. నీడన్నది ఎక్కడా లేదు. ఒక పక్క ఊళ్ళో రైతులు నిలబడి ఉన్నారు. ఇంకో పక్క ఊరి చివరి పల్లె జనం మొత్తం నేల మీద మోకాళ్ళూని ఉన్నారు. పల్లెలో అందరూ క్రైస్తవులే, పత్తి తీతకీ మిరపకాయ కోతకీ పోయే కూలి జనం. వాళ్ళ పాస్టరు, అయ్యగారంటారు ఆయన్ని, మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి ప్రార్థిస్తున్నాడు. ఆయనతో పాటు అందరూ ప్రార్థిస్తున్నారు. ఒకేసారి, గొంతెత్తి, ఎవరి మాటల్లో వాళ్ళు. ఎవరి మొర వాళ్ళదే. అలాంటి ప్రార్థన నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో దేవుడితో మాట్లాడాలంటే సంస్కృతం రావాలి. వీళ్ళు పక్కింటివాడితో తగువు పడ్డట్టు, బతిమాలినట్టు, దబాయించినట్టు తెలుగులో మాట్లాడుతున్నారు.

కింద చిక్కుకున్నవాడు ఆ పల్లె కుర్రవాడే, పెళ్ళి కావలసినవాడు. ఇద్దరు దిగారట. రెండోవాడు తట్ట అందించడానికి నిచ్చెన ఎక్కి పైకొస్తుంటే గోడ జారింది. అతను ఒంటినిండా బురదతో వణుకుతూ కూర్చుని, "తూర్పు పక్క ఊట దగ్గర తవ్వతన్నాడు సార్" అన్నాడు. బావి యజమాని అయిన రైతేమో, "కాదండీ, పైకి పోయే తట్టలోంచి మట్టి మీద పడకుండా పడమటి పక్కకి జరిగుంటాడు, మోటారు దిమ్మె కిందకి. అందరూ అక్కడే నిలబడతారు" అన్నాడు. బావిలో సగం లోతున, పడమటి గోడకి ఆనించి, మోటారు పెట్టుకోవడానికి వేసిన సిమెంటు దిమ్మె ఉంది. అది కూడా రాళ్ళతో పాటు విరిగి కిందికి వాలింది.

ఇక్కడ ఒక్క విషయం మీకు అర్థం కావాలి. రాళ్ళ కుప్ప బావి అడుగంతా నిండింది. మనిషి ఎటు ఉన్నాడో తెలిస్తే, ఆ వైపు పైనుంచి ఒక్కొక్క రాయీ తీసుకుంటూ దిగొచ్చు. తెలియకుండా తప్పు వైపు మొదలుపెడితే కుప్ప మొత్తం కదులుతుంది, అతని మీద ఆగి ఉన్న రాళ్ళు పూర్తిగా దిగిపోతాయి. పైగా కింద ఊట ఆగదు. మేము పంపు పెట్టి నీళ్ళు తోడుతున్నంతసేపే అతనికి గాలి. పంపు ఆపితే నీళ్ళు పెరుగుతాయి. ఆపకపోతే ఆ మోతలో అతని మూలుగు వినపడదు.

"పంతులూ, నువ్వు దిగు. అతను ఏ పక్కనున్నాడో విను. అప్పటిదాకా రాయి ముట్టుకోవద్దు" అన్నాడు ఆఫీసరు.

నడుముకి తాడు బిగించుకుంటుంటే ఒకావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. నడివయసు దాటిన మనిషి, బక్కపలచగా, చేతులు మిరపకాయ కోతకి కమిలిపోయి ఉన్నాయి. కింద ఉన్నవాడి తల్లి. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకుని పెంచుకొచ్చిందట. పల్లెలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపించేది కూడా ఆవిడేనని తరవాత తెలిసింది.

"అయ్యా, లోపలికి దిగేది నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా."

"నీ పేరేందయ్యా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇప్పుడు నా పేరుతో పనేంటమ్మా? పక్కకి జరుగు."

ఆవిడ జరగలేదు. "పనుంది. మావోడి పేరు చెప్తన్నాం దేవుడికి. నీ పేరు చెప్పకపోతే ఎట్టా? నువ్వు దిగేది కూడా ఆ గుంతలోకే గదా."

పేరు చెప్పాను. మా నాన్న పెట్టిన పేరు, మా గుళ్ళో మూలవిరాట్టు పేరు, నిండుగా నాలుగైదు అక్షరాలతో ఉంటుంది. పక్కనుంచి డ్రైవరు ఇకిలించాడు. "అమ్మా, వాడు పూజారి కొడుకు. ఆ పేరుతో పిలిస్తే మీ దేవుడు పలుకుతాడో లేదో కనుక్కో ముందు."

"ఆయనకి నోరు తిరగని పేరు లేదులే అయ్యా. నీ పేరు కూడా చెప్పు" అంది ఆవిడ. డ్రైవరు నవ్వు ఆగిపోయింది. ఇంటిపేరుతో సహా బుద్ధిగా చెప్పాడు.

తాడు వదులుతుంటే దిగాను. బురద వాసన, తడి రాళ్ళు, తల మీద గుండ్రంగా ఆకాశం. ఇంకా కూలని గోడ నా వీపు పక్కనే ఉంది. అందులోంచి మట్టి పెళ్ళలు మాటిమాటికీ రాలి భుజం మీద పడుతున్నాయి. భయం వేసిందా అని పిల్లలు అడుగుతారు. వేయకేం, మోకాళ్ళు నా మాట వినలేదు. దూలాలు కాలుతుంటే కింద దూరాను గానీ, నిప్పు ఎటు పోతుందో నాకు కొంత తెలుసు. మట్టి ఎప్పుడు ఏం చేస్తుందో తెలియదు.

కుప్ప మీద బోర్లా పడుకుని, "తమ్ముడూ, పలుకు" అని అరిచాను. పంపు మోతలో నా గొంతు నాకే వినపడలేదు. తాడు లాగి సైగ చేస్తే పైన పంపు ఆపారు. అప్పుడు ప్రార్థన వినపడింది. బావి గోడలకి తగిలి, సుడి తిరిగి, పెద్ద హోరుగా దిగింది నా మీదికి. కింద ఏనుగు ఘీంకరించినా వినపడనంత హోరు.

ఆ హోరులో నా పేరు ఉంది.

మొదట ఎవరో పిలుస్తున్నారనుకున్నాను. తరవాత తెలిసింది. ఒక ముసలి గొంతు, ఒక పిల్ల గొంతు, ఒక బొంగురు గొంతు, ఇంకా ఎన్నో. ఒకరు నా పేరు సగం మింగేసి, ఒకరు సాగదీసి, ఒకరు చివర అక్షరం మార్చేసి. "ప్రభువా, ఫలానా నీ బిడ్డ దిగుతున్నాడు, ఆయన తల మీద నీ చెయ్యి పెట్టు." "తండ్రీ, ఆయన తాడు తెగనియ్యొద్దు." "ఆయనకీ తల్లి ఉండుద్ది గదయ్యా, ఆ తల్లిని ఏడిపించొద్దు." నన్ను అంతకుముందెప్పుడూ చూడని మనుషులు, మళ్ళీ చూస్తారో లేదో తెలియని మనుషులు, ఎర్రటి ఎండలో మోకాళ్ళ మీద నిలబడి నా కోసం దేవుడితో పోట్లాడుతున్నారు. స్టేషనులో ఒక్కడు కూడా పలకని నా పేరు ఊరంతా పలుకుతోంది. ఏం జరిగిందో తెలియదు, మోకాళ్ళు కుదుటపడ్డాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బురద చేతులు, తుడుచుకోవడానికి కూడా లేదు.

ఇప్పుడు నా పని చూడండి. ఆ గొంతులు ఆపమని నేనే చెప్పాలి. వాళ్ళు ఆపితేగానీ కుర్రవాడి ఊపిరి వినపడదు. ఆపమనడానికి నాకు నోరు రాలేదు. చలిలో ఎవరో దుప్పటి కప్పితే దాన్ని నేనే తీసేసుకోవలసి వచ్చినట్టుంది. కాసేపటికి తెలివి తెచ్చుకుని, "సార్, జనాన్ని నిశ్శబ్దంగా ఉండమనండి" అని అరిచాను.

ఆఫీసరు వెళ్ళి అయ్యగారి పక్కన నిలబడి, "దయచేసి కాస్త నిశ్శబ్దం పాటించండి" అని మెత్తగా చెప్పాడట. కళ్ళు మూసుకుని కేకలు పెట్టి ప్రార్థిస్తున్న మనిషికి ఆయన మెత్తదనం ఏం వినపడుతుంది? అది చూసి మా డ్రైవరుకి ఒళ్ళు మండింది. పరుగున బండి దగ్గరికి పోయి తన ఇత్తడి గంట అందుకున్నాడు. గంట మోగితే ఎవడైనా నోరు మూసి అటు చూస్తాడని ఆయన లెక్క. బలం కొద్దీ వాయించాడు.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉంది. వేళ కాని వేళ చర్చి గంట మోగిందంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. విన్నవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చి ప్రార్థన అందుకోవాలి. మా గంట వినగానే బావి దగ్గరున్నవాళ్ళు పరిస్థితి ఇంకా విషమించిందనుకున్నారు, గొంతులు రెట్టింపు చేశారు. అంతటితో ఆగలేదు. పక్క పల్లెవాళ్ళకీ ఆ గంట వినపడింది. చేలగట్ల మీద కొంగులు బిగించుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, సంగతేమిటని కూడా అడక్కుండా మోకాళ్ళూని మొదలుపెట్టారు. నేను కింద నుంచి "ఆపండి" అంటుంటే పైన హోరు పెరుగుతోంది. ఆ సమయంలో మా డ్రైవరు నాకు దొరికి ఉంటే అతని గంట అతని మెళ్ళోనే కట్టి ఉండేవాణ్ణి.

రాళ్ళ సందుల్లో నీళ్ళు కనపడడం మొదలైంది. మళ్ళీ పంపు వేయించి, నీళ్ళు తగ్గాక ఆపించి, ఈసారి ఆ తల్లిని గట్టు మీదికి పిలిపించమన్నాను. ఆవిడ తల వంచి చూసింది.

"అమ్మా, నీ కొడుకు గొంతు నేను వినాలి. మీరందరూ నోరు మూస్తేనే అది జరిగేది" అని అరిచాను.

"ప్రార్థన ఆపమంటన్నావా?"

"ఆపమంటున్నాను."

ఆవిడ ముఖం నాకు బాగా కనపడలేదు, వెనక ఎండ ఉంది. ఆ క్షణంలో ఆవిడ ఏమనుకుందో నేను ఊహించలేను. కొడుకు ప్రాణం ఆ గొంతుల మీదే వేలాడుతోందని నమ్మిన మనిషి ఆవిడ. తరవాత గట్టు మీదనుంచి కనపడకుండా పోయింది. పైన ఒక్కొక్క గొంతూ తగ్గడం వినపడింది. ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి నోటి మీద చెయ్యి పెట్టిందట. అయ్యగారి నోటి మీద కూడా. చివరికి తన పమిట చెంగు తన నోట్లోనే కుక్కుకుని గట్టున కూలబడిందట.

పంపు అప్పటికే ఆగి ఉంది, ఇప్పుడు జనం ఆగారు. బావిలో నీటి ఊట చప్పుడు ఒక్కటే మిగిలింది. "తమ్ముడూ" అన్నాను. రాయి మీద రాయితో కొట్టాను. తూర్పున చెవి పెట్టాను, పడమట పెట్టాను. ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. ఏమీ లేదు. రాళ్ళ సందులోకి బారెడు దింపిన నా చేతి వేళ్ళకి నీళ్ళు తగిలాయి.

"పంతులూ, ఇక ఆలస్యం చేయలేం. రెండోవాడు చెప్పినట్టు తూర్పు నుంచే మొదలుపెడదాం" అన్నాడు పైనుంచి ఆఫీసరు. ఆయన్ని తప్పు పట్టను. చూసినవాడి మాట అదొక్కటే మా దగ్గరున్న ఆధారం.

అప్పుడు ఆ తల్లి చెంగు నోట్లోంచి తీసి, "పలకడం లేదా?" అంది.

"లేదమ్మా."

"ఒక్కసారి నన్ను ప్రార్థన చెయ్యనీయ్. నేనొక్కదాన్నే. పొట్టిగా చేస్తాలే."

"ఇప్పుడే కదమ్మా ఆపించాం" అన్నాడు ఆఫీసరు, ఏడుపొక్కటే తక్కువగా. నేను కింద నుంచి, "చెయ్యనివ్వండి సార్" అన్నాను. ఎందుకన్నానంటే, నిజం చెబుతున్నాను, ఆవిడ కొడుకు కోసం కాదు. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదిగా ఉంది. పైనుంచి ఒక్క గొంతయినా నాకు కావలసి వచ్చింది.

ఆవిడ బావిలోకి వంగి మొదలుపెట్టింది. పొట్టిగా చేయడం ఆవిడకి చేతకాలేదు. వానకి స్తోత్రం చెప్పింది, ఎండకి స్తోత్రం చెప్పింది, కడుపు పండించినందుకు చెప్పింది. నీళ్ళు పెరుగుతున్నాయి. "అమ్మా, ముగించు" అన్నాను. "నా బిడ్డను నాకియ్యి తండ్రీ. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము మా పరమ తండ్రీ" అని ఆపింది.

రాళ్ళ కిందనుంచి, ఎంతో దూరంనుంచి వచ్చినట్టు, "ఆమెన్" అని వినపడింది.

మాట కాదు, ఊపిరి. కానీ ఆమెనే. ఏ వైపునుంచి వచ్చిందో మాత్రం పట్టుకోలేకపోయాను, బావిలో శబ్దం తిరుగుతుంది. "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాను. ఈసారి నా కోసం చేసింది. ముగింపు మాటలు పలికి ఆగగానే మళ్ళీ వచ్చింది. తూర్పున చెవి పెట్టి విన్నాను, లేదు. మూడోసారి మా డ్రైవరు కోసం చేసింది. పడమట, విరిగి వాలిన దిమ్మె పక్కనున్న రాళ్ళకి చెవి ఆనించాను. అక్కడే. చెవిలో చెప్పినట్టు వచ్చింది.

"పడమర సార్. దిమ్మె కింద" అని అరిచాను. గట్టు మీద అంతమందిలో ఒక్కరు కూడా అరవలేదు. ఆవిడ చెయ్యి ఇంకా వాళ్ళ నోళ్ళ మీదే ఉన్నట్టు ఉన్నారు.

రాళ్ళు తీయడం మధ్యాహ్నమంతా పట్టింది. పైన డ్రైవరు గిలక లాగుతుంటే, ఇంకో ఇద్దరు నాతో కింద ఉంటే, ఒక్కొక్క రాయికీ తాడు కట్టి పంపాం. మధ్యమధ్య పంపు ఆపి, ఆవిడ చేత ఒక ప్రార్థన చేయించి, ఆమెన్ విని, మళ్ళీ పని. ఆ రోజు ఆవిడ బావి రైతు కోసం, వాళ్ళ గేదె కోసం, మా ఆఫీసరు పిల్లల చదువు కోసం కూడా ప్రార్థించింది. పొద్దు వాలుతుండగా దిమ్మె కింద చెయ్యి దొరికింది. వేళ్ళు కదిలాయి. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి, మనిషి బతికాడు. పైకి తీసుకువచ్చి ట్రాక్టరులో గడ్డి పరిచి పడుకోబెట్టాక ఆ తల్లి వాడి ముఖం తడిమి, ఒక్కటే అడిగింది.

"ఒరే, ఆయన అంతసేపు పిలుస్తుంటే పలకవేందిరా?"

వాడు పెదాలు తడుపుకుని, "నాకేం తెలవలేదమ్మా. నిద్రలో ఉన్నట్టుండా. నువ్వు ప్రార్థన ముగించినట్టు వినపడింది. ఆమెన్ అనకపోతే గిచ్చుతావు గదా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. అప్పటిదాకా ఒక్క చుక్క కార్చలేదు.

ప్రార్థనకి శక్తి ఉందా అని మీరు అడుగుతారు. మా ఆఫీసరు రిపోర్టులో 'బాధితుని స్పందన ఆధారంగా స్థానం గుర్తించడమైనది' అని రాశాడు. మా డ్రైవరు చచ్చేదాకా, తన గంట వల్లే అంతా కుదిరిందని వాదించాడు. నేను ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన అంతా విని, "పేరొక్కటే చెప్పారా? గోత్రం చెప్పలేదూ?" అన్నాడు. లేదన్నాను. కాసేపు విసనకర్ర ఆడించి, "చేరిందిలే" అన్నాడు. నాకు తెలిసింది ఒక్కటే. కేకలకి పలకని ప్రాణం ప్రార్థనకి పలికింది. వణికిన మోకాళ్ళు నిలబడ్డాయి. దీన్ని మీరు ఏ పేరుతోనైనా పిలుచుకోండి, నాతో వాదనకి రావద్దు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ తరవాత సంగతి. ఆ రోజునుంచి నాకొక పిచ్చి పట్టింది. ఎక్కడికి పోయినా, తాడు కట్టుకునేటప్పుడో, తడి గోనె కప్పుకునేటప్పుడో ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఎవరైనా వచ్చి నా పేరు అడుగుతారేమోనని. మిల్లుల్లో, గోదాముల్లో, పూరిళ్ళ మధ్య. జనం అరిచేవాళ్ళు, నీళ్ళు పోయమనేవాళ్ళు, ఆలస్యంగా వచ్చామని తిట్టేవాళ్ళు. పేరు అడిగినవాళ్ళు లేరు. ఆ పిలుపు కోసం మొహం వాచిపోయాను. మతం మారావా అని మీరు అడగొచ్చు. లేదు. నాకు కావలసింది మతం కాదు, ఆ గట్టున ఆ గొంతులు.

ఉండబట్టలేక ఒకసారి ఆ పల్లెకి వెళ్ళాను. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "రోజూ చెప్తన్నా నీ పేరు. ప్రమాదంలో ఉన్నోళ్ళ కోసం మాకు సాయంత్రం ప్రార్థనుంది. సముద్రం మీద ఉన్నోళ్ళు, చేలో పురుగుమందు కొట్టేవోళ్ళు, కాన్పుకి పోయినోళ్ళు. ఆ వరసలో నువ్వుండావు" అంది. అది విన్నాక ఇంటికి వచ్చి నేను పోయినంత హాయి నిద్ర మళ్ళీ ఎప్పుడూ పోలేదు. ఆ తరవాత బదిలీ మీద దూరం పోయాను. ఏళ్ళు గడిచాయి. పని మధ్యలో సాయంత్రమైతే, ఇప్పుడు చెబుతూ ఉంటుంది అనుకునేవాణ్ణి.

ఆవిడ ఇప్పుడు లేదు. రిటైరయ్యాక ఒకే ఒక్కసారి చూశాను. పొద్దు గుంకే వేళకి వెళ్ళాను. కొడుకు నన్ను గుమ్మంలోనే గుర్తుపట్టి, కుంటుకుంటూ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, చూపు ఆనడం లేదు. ఎవరో వచ్చారని తెలిసింది గానీ ప్రార్థన వేళ అయిందని అప్పటికే కళ్ళు మూసుకుంది. పక్క ఇళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నేనూ గోడకి ఆనుకుని కూర్చున్నాను. వరసగా చెబుతోంది. సముద్రం మీద ఉన్నవాళ్ళు. చేలో పురుగుమందు కొట్టేవాళ్ళు. కాన్పు వేళ దగ్గరపడ్డ ఒక పిల్ల. ఆ తరవాత నా పేరు. అక్షరం తప్పకుండా, నిండుగా.

"ఆ ఫైరింజను పిల్లోడు తండ్రీ. ఈ పూట ఏ బావిలో దిగుతున్నాడో, ఏ మంటలో దూరుతున్నాడో. తెలిసినోళ్ళు ఎవురూ పక్కన లేకపోయినా నువ్వుండు."

నా జుట్టు నెరిసిపోయింది. మోకాళ్ళ నొప్పులకి మాత్రలు వేసుకుంటున్నాను. నేను దిగేది బస్సు మెట్లు ఒక్కటే. ఆవిడకి నేను ఇంకా తాడు కట్టుకుని గట్టున నిలబడి ఉన్నాను.

ప్రార్థన అయ్యాక కొడుకు సంతోషం పట్టలేక, "అమ్మా, ఎవరొచ్చారో తెలుసా? నువ్వు ఇప్పుడే చెప్పావే..." అని మొదలుపెట్టాడు. నేను వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని వద్దన్నట్టు తల ఆడించాను. వాడికి అర్థం కాలేదు. నాకూ అప్పుడే అర్థమైంది. నేను ఉద్యోగం దిగిపోయి, క్షేమంగా, ఫ్యాను కింద కూర్చుంటున్నానని తెలిస్తే, సంతోషించి, స్తోత్రం చెప్పి, ప్రమాదంలో ఉన్నవాళ్ళ వరసలోంచి నా పేరు తీసేస్తుందేమోనని భయం వేసింది.

"ఎవరు బాబూ?" అంది ఆవిడ.

మిరపకాయల బేరానికి పక్క ఊరునుంచి వచ్చానని చెప్పాను. ఈ ఏడు కాయ బాగుందంది. మంచినీళ్ళు తాగి, చివరి బస్సు పోతుందని లేచాను.